జాగ్రత్త: డబ్బా బాగుందని సంతకం పెట్టేయకండి

ముంబయి నుంచో బెంగళూరు నుంచో పాత ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, టర్న్‌టేబుళ్లు (రికార్డు ప్లేయర్లు) పార్సిల్‌లో తెప్పించుకునే హైదరాబాదు వాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. సరుకు దెబ్బతిని రావడం సగం నష్టమే. రూపాయి కూడా వెనక్కి రాకపోవడం మిగతా సగం. అమ్మినాయన "నేను పంపినప్పుడు బ్రహ్మాండంగా పాడింది, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లనడగండి" అంటాడు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు "ప్యాకింగ్ బాలేదు, అయినా మంచి కండిషన్‌లో ముట్టిందని సంతకం పెట్టారు కదా" అంటారు. ఇద్దరూ చేతులు దులుపుకుంటారు.

అసలు మోసం బిల్టీ మీదే, అంటే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లిచ్చే బుకింగ్ రసీదు మీదే జరుగుతుంది. 40 వేల ఆంప్లిఫయర్‌ని "పాత ఇంటి సామాను, విలువ 500" అని రాయించేవాళ్లు బోలెడుమంది. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం కింద వచ్చిన 2011 రూల్స్ ప్రకారం, అదనపు రిస్క్ రేటు కట్టి ఎక్కువ విలువ రాయించకపోతే రవాణా సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్లు మాత్రమే. అది కూడా రాసిన విలువ దాటదు. కిరాయి 900 కట్టినా, విలువ 500 అని ఉంటే లెక్క 500 దగ్గరే ఆగిపోతుంది. అందుకే బిల్టీ ఫోటో వాట్సాప్‌లో వచ్చాకే మిగతా డబ్బు పంపండి. విలువ గడి చూడండి, "ఓనర్స్ రిస్క్" (నష్టమొస్తే సరుకు యజమానిదే) ముద్ర ఉందేమో చూడండి. ఇన్సూరెన్స్ చేయించామంటే షరతుల కాగితం అడగండి. బయట దెబ్బ కనబడకుండా లోపల మాత్రమే చెడితే వర్తించదనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

ఆ షరతు ఎందుకంత ప్రమాదమో ఒక ఆంప్లిఫయర్ మూత తీసి చూస్తే తెలుస్తుంది. 15 కిలోల యంత్రంలో చాలా బరువు ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌దే, అదీ తరచు ఒక పక్కకే ఉంటుంది. గుండ్రటి టొరాయిడల్ రకం అయితే నడుమ ఒక్క బోల్టు మీద నిలబడుతుంది. లారీలోంచి డబ్బా రెండడుగుల ఎత్తు నుంచి మూల మీద పడిందనుకోండి: అట్ట నొక్కుకుని మళ్లీ లేస్తుంది, మీద గీత కూడా ఉండదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే ఊపులో కిందికి లాగుతుంది. రేకు చాసిస్ వంగుతుంది, పక్కనున్న బోర్డు సన్నగా చీలుతుంది, హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) కదిలి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కాళ్లు తెగుతాయి. ముందు వైపు పడితే వాల్యూమ్ నాబ్ కడ్డీ వంగుతుంది. బబుల్ ర్యాప్ రెండు చుట్లు చుట్టి "ఫ్రాజైల్" స్టిక్కర్ అంటిస్తే ఇవేవీ ఆగవు. ఆ స్టిక్కర్ చదివి పార్సిల్ దించే హమాలీ ఇంకా పుట్టలేదు.

కాబట్టి ప్యాకింగ్ మాటలు ముందే రాతలో పెట్టుకోండి. పెట్టెలో పెట్టె. లోపలి పెట్టెలో ఆరు వైపులా 2 అంగుళాల గట్టి ఈపీఈ (పాలిథీన్) ఫోమ్, రెండు పెట్టెల మధ్య ఇంకో 2 అంగుళాలు, బయటది 7 ప్లై (ఏడు పొరల) అట్ట. థర్మాకోల్ ముక్కలు, న్యూస్‌పేపర్ ఉండలు వద్దు. బరువుకి అణిగిపోయి యంత్రం పెట్టె అడుగుకి చేరుతుంది. 20 కిలోలు దాటితే చెక్క ఫ్రేము కట్టించండి. వాల్వ్ ఆంప్లిఫయర్‌లో వాల్వులు ఊడదీసి విడిగా పంపాలి.

టర్న్‌టేబుల్ విషయంలో ఇంకా గట్టిగా పట్టుబట్టండి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 మార్క్ 2 ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) రబ్బరు మ్యాట్‌తో కలిపి 2 కిలోలు. అది తీయకుండా పంపితే ప్రతి గుంతకీ ఎగిరి కడ్డీ మీద, బేరింగ్ మీద పడుతూ వస్తుంది. ప్లాటర్, కౌంటర్ వెయిట్ (టోన్‌ఆర్మ్ వెనక బరువు), హెడ్‌షెల్ (ముల్లు బిగించే ముక్క) విడివిడిగా చుట్టాలి, టోన్‌ఆర్మ్‌ని (ముల్లు మోసే చేతిని) అది ఆనుకునే స్టాండ్‌కి కట్టాలి, మూత ఊడదీసి ఫోమ్ మధ్య పెట్టాలి. మూత తగిలించే పంపితే కీలు విరగడం ఖాయం.

గుమ్మం దగ్గర డెలివరీ కుర్రాడు తొందరపెడతాడు. ఓటీపీ చెప్పకముందే ఆరు వైపులా, లేబుల్‌తో సహా ఫోటోలు తీయండి. మెల్లగా ఒక పక్కకి వంచి వినండి, లోపల ఏదైనా దొర్లితే తెలుస్తుంది. కాగితం మీద "మూల నలిగింది, లోపల చూడలేదు" అని రాసే సంతకం పెట్టండి. రాయనివ్వకపోతే అదే మాట ఆ రోజే మెయిల్ చేయండి. విప్పేటప్పుడు లేబుల్ దగ్గర మొదలుపెట్టి, ఆపకుండా ఒకే వీడియో తీయండి. అట్ట, ఫోమ్ ఏదీ పారేయొద్దు.

వెంటనే ప్లగ్ పెట్టి ఆన్ చేయకండి. సిరీస్‌లో, అంటే కరెంటు బల్బులోంచే యంత్రానికి వెళ్లేలా, 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయాలి. ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు, కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్, కట్టేయండి. ఆ తర్వాత ఆంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్ల మీద మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజి చూడండి. 50 మిల్లీవోల్ట్‌ల లోపు ఉండాలి, 100 దాటితే స్పీకర్ తగిలించొద్దు. స్పీకర్లకైతే 8 ఓమ్‌ల వూఫర్ (పెద్ద స్పీకర్) మల్టీమీటర్‌లో 5.5 నుంచి 7 మధ్య చూపాలి. తర్వాత నాలుగు వేళ్లతో కోన్‌ని సమంగా, నెమ్మదిగా నొక్కండి. గీరుకున్న చప్పుడొస్తే అయస్కాంతం జిగురు ఊడి పక్కకి జరిగి ఉండొచ్చు. దెబ్బ తిన్న పార్సిళ్లలో బయటికి ఏమీ కనబడని రోగాల్లో ఇదొకటి.

రవాణా సంస్థకి రాతపూర్వక నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు వెళ్లాలి. డెలివరీ తేదీ నుంచి కాదు. కొరియర్ల సొంత షరతుల్లో గడువు రెండు మూడు రోజులే ఉండొచ్చు, కాబట్టి మొదటి మెయిల్ మొదటి రోజే పంపండి. జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేయండి. ఈ లోపు ఆత్రంగా కోఠి గుజరాతీ గల్లీకి మోసుకెళ్లి విప్పించకండి. మెకానిక్ దగ్గర రాతలో ఎస్టిమేట్ మాత్రం తీసుకోండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందే ఒక్క స్క్రూ తిరిగినా, పగలగొట్టింది మెకానిక్కేనని రాసేస్తారు.