మైలాపూర్‌లో రెండు రోజులు: కపాలీశ్వరుడి గుడి, బస, భోజనం

చెన్నైలో కపాలీశ్వరుణ్ణి చూడాలనుకునే మన వాళ్లకు ముందుగా ఒక మాట. గది సెంట్రల్ స్టేషన్ పక్కన తీసుకోకండి. మేము ఆ పొరపాటు చేశాం. ఒంగోలులో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాం. స్టేషన్‌కు దగ్గరగా ఉంటుందని ఫోనులోనే ఒక లాడ్జిలో గది చెప్పి పెట్టాను. అద్దె పద్నాలుగు వందలు. లిఫ్టు ఉందన్నారు, అది పనిచేయడం లేదు. అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మూడో అంతస్తుకు ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఎక్కింది. కింద గది ఇవ్వమంటే ఖాళీ లేదన్నారు. ఖాళీ చేస్తామంటే అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదన్నారు. అక్కడి నుంచి మైలాపూర్‌కు ఆటో అడిగితే మొదటి ఇద్దరూ, మాకు తమిళం రాదని తెలియగానే, ఫోనులో చూపించే ధరకు రెండింతలు చెప్పారు. ఆ సాయంత్రం గుడికి వెళ్లనే లేదు.

మర్నాడు పొద్దున్నే సామాను తీసుకుని మైలాపూర్ చేరాం. దక్షిణ మాడవీధికి పక్క సందులో చిన్న లాడ్జి, గది రెండు వేల రెండు వందలు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడే కనిపిస్తుంది కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, గది కింది అంతస్తులోనే. అన్నిటికన్నా ముఖ్యం, గుడి గంట వినిపిస్తుంది. ఎనిమిది వందలు ఎక్కువైనా, రెండు రోజుల్లో అమ్మ నాలుగుసార్లు గుడికి నడిచి వెళ్లి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు అద్దెకన్నా ఆ నడకనే చూసుకోవాలి.

అమ్మ ఈ గుడికి రావడం యాభై ఏళ్ల తర్వాత. మా తాతయ్య మద్రాసులో ఒక తెలుగు ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేశారు. చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని ఇక్కడికి వచ్చేదట. అమ్మకు గోపురం గుర్తులేదు. చెట్టు కింద నెమలి మాత్రం గుర్తుంది.

ఆ చెట్టు దగ్గరికే ముందు వెళ్లాం. గుడి ఆవరణలోని స్థలవృక్షాన్ని తమిళంలో పున్నై అంటారు. అమ్మ ఆకు చూడగానే "ఇది మన పొన్న కదా" అంది. దాని కింద చిన్న గుడిలో పార్వతి ఆడనెమలి రూపంలో శివలింగాన్ని కొలుస్తూ ఉంటుంది. తమిళంలో మయిల్ అంటే నెమలి, మైలాపూర్ పేరు అలా వచ్చిందే. జనం పెద్ద గోపురం నుంచి నేరుగా గర్భగుడికి నడిచి, దర్శనం అయ్యాక ఎక్కువ మంది అటునుంచి అటే వెళ్లిపోతున్నారు. అమ్మ ఆ నెమలి ముందు చాలాసేపు నిలబడింది. "అప్పుడు నాన్న ఎత్తుకుని చూపించారు" అంది.

స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, కోనేరు కూడా అటువైపే. తూర్పున ఉన్న దాదాపు 120 అడుగుల రాజగోపురం 1906లో కట్టింది. పాత గుడి సముద్రం ఒడ్డున ఉండేదనీ, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి కాలంలో అది పోయాక ఇక్కడ కట్టారనీ చెబుతారు. కర్పగాంబాళ్ అమ్మవారిది దక్షిణ ముఖం. శుక్రవారం సాయంత్రాలు, ప్రదోషాల్లో ఇక్కడ రద్దీ బాగా ఉంటుంది. మేము వెళ్లింది గురువారం. స్వామి ఎదుట నిలబడి దీపం వెలుగులో లింగాన్ని కళ్లారా చూసుకున్నాం. ఎవరూ జరగమనలేదు, భుజం పట్టి తోయలేదు. కొండ మీద "జరగండి, జరగండి" విని అలవాటైన అమ్మ, ఎవరైనా కదలమంటారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

అర్చన చేయించేవారికి ఒక విషయం. మన దగ్గర గోత్రం అడుగుతారు, ఇక్కడ నక్షత్రం, రాశి అడుగుతారు. ఇంట్లో అందరివీ ఒక కాగితం మీద రాసుకు వెళ్లండి. నాకు నా పిల్లల నక్షత్రాలు వెంటనే గుర్తురాలేదు. అమ్మ మాత్రం ఎనిమిది మంది మనవలవీ పాదాలతో సహా వరసగా చెప్పింది. అర్చక స్వామి ఒక్కొక్కటీ తిరిగి పలికి పూజ చేశారు.

ఆవరణలోనే పూంపావై గుడి ఉంది. ఒక వర్తకుడి కూతురు పూంపావై పాముకాటుకు చనిపోతే, దాచి ఉంచిన ఆమె బూడిద నుంచి శైవ భక్తకవి జ్ఞానసంబందర్ పాట పాడి బతికించాడని కథ. 7వ శతాబ్దపు ఆ పాటలో చరణానికొక మైలాపూర్ ఉత్సవం వస్తుంది, ఇది చూడకుండానే వెళ్లిపోతావా అని ఆ పిల్లను అడుగుతాడు. ఆ కథ చెప్పాక అమ్మ అక్కడి నుంచి లేవలేదు. తన చెల్లెలు పదేళ్లకే పోయిన సంగతి నాకు తెలుసు, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం గుడి మూసి, సాయంత్రం నాలుగు తర్వాత తెరుస్తారు. ఈ ఖాళీ చాలామందికి విసుగు. మాకు అదే పనికొచ్చింది. లజ్ కూడలికి దగ్గరలో, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబర్ 19న ఆయన నిరాహార దీక్ష మొదలుపెట్టింది అక్కడే, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. డిసెంబర్ 15 రాత్రి ప్రాణం విడిచింది కూడా అక్కడే. అంతిమయాత్రలో తాతయ్య నడిచారట. గుడి నుంచి ఇంత దగ్గరని నాకు అంతవరకు తెలియదు. మైలాపూర్ వచ్చిన తెలుగువాళ్లు అక్కడ అయిదు నిమిషాలు నిలబడాలని నా గట్టి కోరిక. లజ్‌లోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరున పార్కు ఉంది, నీడ బాగుంటుంది. మెట్రో పనుల వల్ల లజ్ చుట్టుపక్కల దారులు మళ్లించారు, నడకకు కాస్త ఎక్కువ సమయం పెట్టుకోవాలి.

భోజనం సంగతి. పొద్దున అరుండేల్ వీధిలోని రాయర్స్ మెస్‌లో ఇడ్లీ, గట్టి చట్నీ తిన్నాం. చిన్న హాలు, వీధిలో వంతు కోసం నిలబడాలి. నిలబడినందుకు తగిన ఇడ్లీ. మన పచ్చళ్ల కారం కోసం వెదకకూడదు, అంతే. మాడవీధిలో ఒక చోట మాత్రం చల్లారిన పొంగల్ వేడి చేసి పెట్టారు, మార్చమంటే మార్చలేదు.

తూర్పు గోపురం దగ్గర పూలమ్మే ఆవిడ మేము మాట్లాడుకోవడం విని "తెలుగువాళ్లా అమ్మా?" అంది. వాళ్ల అమ్మది గూడూరట. మల్లెమాలను చేతి కొన నుంచి మోచేతి దాకా కొలిచి మూర చేసి, మరో బెత్తెడు కలిపి తెంపింది. "పెద్దమ్మ తలలో పెట్టుకోండి, ఇది గుడికి కాదు" అంది.

రెండో రోజు పొద్దున తిరువళ్లిక్కేణి (ట్రిప్లికేన్) పార్థసారథి గుడి. మైలాపూర్‌లోని తిరుమయిలై స్టేషన్ నుంచి లోకల్ రైల్లో మూడో స్టేషను. స్టేషన్లు ఎత్తున ఉంటాయి, మెట్లు ఎక్కలేనివారికి ఆటోనే మేలు, మేమూ అలాగే వెళ్లాం. మూలవిరాట్టు వేంకటకృష్ణుడికి మీసాలుంటాయి. చేతిలో శంఖమే, చక్రం లేదు, యుద్ధంలో ఆయుధం పట్టనన్న మాట కోసం. ఉత్సవమూర్తి ముఖం మీద భీష్ముడి బాణాల గుర్తులు చూపిస్తారు. మా వంతు వచ్చేసరికి ఆ మచ్చలు స్పష్టంగా కనిపించాయి. విగ్రహం విషయంలో ఇంత మనసుకు హత్తుకున్న దర్శనం మైలాపూర్‌లో కూడా కాలేదు. కానీ చుట్టూ వీధులు ఇరుకు, కూర్చుని సేదతీరే చోటు తక్కువ. పెద్దవాళ్లతో బస మాత్రం మైలాపూర్‌లోనే.

చివరి సాయంత్రం అమ్మ మళ్లీ పొన్న చెట్టు కింద కూర్చుంది. తమిళ నెల పంగునిలో జరిగే బ్రహ్మోత్సవంలో ఎనిమిదో రోజున అరవై ముగ్గురు నాయనార్ల (శివభక్తుల) విగ్రహాలను మాడవీధుల్లో ఊరేగిస్తారని పక్కన కూర్చున్న ఒక పెద్దాయన చెప్పారు. అది చూడాలంది. లాడ్జికి వచ్చి మేనేజర్‌ని అడిగితే, ఆ పది రోజులకు గదులు నెల ముందే అయిపోతాయన్నారు. కింది అంతస్తు గదికి అక్కడే అడ్వాన్సు కట్టాం. రసీదును అమ్మ తన దగ్గరే పెట్టుకుంది.