స్విచ్ వేయని అణు కేంద్రంలో ఒక పూట

ఆస్ట్రియాలో, వియన్నాకి కాస్త దూరంలో డాన్యూబ్ ఒడ్డున ట్స్వెంటెన్‌డోర్ఫ్ అని ఒక అణు విద్యుత్ కేంద్రం ఉంది. మొత్తం కట్టేశారు గానీ ఒక్క రోజు కూడా నడపలేదు. 1978 నవంబరు 5న జనాన్ని ఓటు అడిగితే 50.47 శాతం మంది వద్దన్నారు. తేడా 30 వేల ఓట్ల లోపే, మన దగ్గర ఒక ఎమ్మెల్యేకి వచ్చే మెజారిటీ అంత! ఇప్పుడు లోపలికి గైడ్‌తో తీసుకెళ్లి చూపిస్తారు. పోయిన నెల వెళ్లొచ్చాను.

మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర. అక్కడి కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్లు పెడతారని మాట మొదలైనప్పటి నుంచి ఇంట్లో రెండే మాటలు విన్నాను. మావయ్య "ఏం కాదురా" అంటాడు, అత్త "అంతా బూడిదే" అంటుంది. అసలు లోపల ఏముంటుందో ఇద్దరికీ తెలియదు, నాకూ తెలియదు. అందుకే వెళ్లాను.

హెల్మెట్ పెట్టుకుని లోపలికి నడిస్తే మొదట అనిపించేది ఏంటంటే, ఇది పెద్ద ఫ్యాక్టరీ, అంతే. కానీ రియాక్టర్ కిందికి తీసుకెళ్లినప్పుడు మాత్రం నోట మాట రాలేదు. తలకి కొంచెం పైన, కంట్రోల్ రాడ్లని (అణు చర్యని అదుపు చేసి ఆపే కడ్డీలని) కదిపే గొట్టాలు ఊడల్లా గుంపుగా వేలాడుతున్నాయి. లోపలే నీళ్లు మరిగి ఆవిరయ్యే ఈ రకం రియాక్టర్లో ఆవిరి నుంచి నీటిని వేరు చేసే సామాను పైభాగంలో ఉంటుంది కాబట్టి రాడ్లు కింద నుంచే ఎక్కాలి, ప్రమాదం వస్తే నీటి ఒత్తిడితో వాటిని పైకి నెట్టేస్తారు. పై నుంచి దించే రాడ్లైతే పడిపోవడానికి భూమ్యాకర్షణ ఉంది, కింద నుంచి ఎక్కడానికి లేదు కదా, అందుకే ఒత్తిడిని ముందే నింపి ఉంచుతారు. నడిచే కేంద్రంలో ఇక్కడ ఇలా తీరిగ్గా తల పైకెత్తి నిలబడటం కుదిరే పని కాదు. ఇక్కడ ఇంధనం ఎక్కించలేదు కాబట్టి రేడియేషన్ టెన్షన్ లేదు. జర్మనీ కేంద్రాల సిబ్బంది ఇక్కడికి శిక్షణకి వచ్చేవారట, ఇదే తరహా రియాక్టర్లకి ఇక్కడి నుంచి విడిభాగాలు కూడా వెళ్లాయి.

కంట్రోల్ రూమ్‌లో గోడ నిండా మీటర్లు, బటన్లు. ఫోటోలు అందరూ అక్కడే దిగుతున్నారు. నాకు మాత్రం అంతకంటే వాడిన ఇంధనం దాచే కొలను నచ్చింది. చుక్క నీరు లేదు, అడుగు దాకా కనిపిస్తుంది. నడిచే కేంద్రంలో వాడిన ఇంధనం వేడి తగ్గేదాకా ఇలాంటి కొలనులో నీళ్లలోనే ఉండాలి. రియాక్టర్ ఆపిన క్షణంలో కూడా దాని మామూలు వేడిలో 6 శాతం దాకా పుడుతూనే ఉంటుంది, పొయ్యి ఆర్పినా ఉడుకుతూనే ఉండే కుక్కర్‌లాగా, కాకపోతే ఇది తగ్గుతూ తగ్గుతూ ఏళ్ల తరబడి. 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలో రియాక్టర్లు సరిగ్గానే ఆగాయి, ఈ మిగులు వేడిని చల్లార్చే కరెంటు పోయింది, అదే కొంప ముంచింది. కొవ్వాడకి అనుకుంటున్న ఏపీ1000 (అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీ రియాక్టర్) రకంలో ట్యాంకు నీళ్లు పై నుంచి వాటంతటవే దిగి, కరెంటు లేకపోయినా 72 గంటలు చల్లబరుస్తాయి. మావయ్యకి ఫోన్ చేసి ఇదే చెప్పాను. "మరి నాలుగో రోజు?" అంది అత్త వెనక నుంచి. మంచి ప్రశ్నే. ఆ లోపు ట్యాంకు నింపాలి.

వ్యర్థాల సంగతి తెలుసుకుందామని వెళితే మాత్రం ఇది చోటు కాదు. నడవని కేంద్రంలో వ్యర్థం ఎక్కడిది? ఆ కథ ఫిన్లాండ్‌లో ఉంది, ఓంకాలో అనే చోట 400 మీటర్లకి పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వారు, ఇంధనాన్ని రాగి డబ్బాల్లో పెట్టి చుట్టూ బెంటొనైట్ అనే, తడిస్తే ఉబ్బే బంకమట్టి కూరతారు. వాడిన ఇంధనంలో ఉండే ప్లుటోనియం సగం అవడానికే 24 వేల ఏళ్లు మరి.

ముందే బుక్ చేసుకోవాలి, వెళ్లి నిలబడితే కుదరదు. టుల్న్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకున్నాను. జర్మన్ అంతంతమాత్రం వచ్చినవాళ్లు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, నాకు సగం మా ఆవిడే చెప్పింది. మెట్లు చాలా ఉన్నాయి, చెప్పులతో వద్దు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.