డస్ట్ మైట్ అలర్జీ: ఎయిర్ ప్యూరిఫయర్ మేలా, పరుపు కవర్ మేలా?

జూన్ దాటి బెంగళూరులో ముసురు పట్టిందంటే చాలు, మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. "అన్నా, పొద్దున లేస్తే తుమ్ములే తుమ్ములు, ఏ ఎయిర్ ప్యూరిఫయర్ తీసుకోమంటావు?" ఏది కొనాలని అడుగుతారే గానీ, అసలు అది కొనాలా వద్దా అని ఎవరూ అడగరు. మా పాపకి ఈ అలర్జీ ఉంది, పోయినేడు మేమూ ఈ లెక్కలన్నీ వేసుకునే ఒక దారి ఎంచుకున్నాం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా.

డస్ట్ మైట్ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పబోవడం లేదు. రెండు ముక్కలు మాత్రం. ఇది నల్లి కాదు, కుట్టదు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. ఒంటి మీద వరసగా కాట్లు కనబడుతుంటే అది నల్లుల పని, దాని మందు వేరు. రెండోది, మనకి పడనిది ప్రధానంగా దాని రెట్టలో ఉండే ప్రోటీన్. అంటే పురుగు చచ్చినా రెట్ట అక్కడే ఉంటుంది. కింద చెప్పబోయే లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి.

ముందు అసలు ఇది డస్ట్ మైట్ గొడవేనా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ ఊళ్లో ముక్కు కారడానికి కారణాలు బోలెడు. వయ్యారిభామ పుప్పొడి ఉంది (కాంగ్రెస్ గడ్డి అంటే అందరికీ తెలుస్తుంది, ఖాళీ సైటు కనబడితే చాలు అదే), రింగ్ రోడ్డు పొగ ఉంది, తవ్వి వదిలేసిన రోడ్ల మట్టి ఉంది, ఉత్త జలుబూ ఉంది. నేను చూసే గుర్తు ఒకటే: ఎప్పుడు, ఎక్కడ. రాత్రి పక్క మీదికి చేరాక ముక్కు దిబ్బడ వేసి, తెల్లారి లేవగానే తుమ్ములు వరస కట్టి, బయటికెళ్లిన గంటా రెండు గంటల్లో సర్దుకుంటే అనుమానం పరుపు మీదికే పోవాలి. దుప్పట్లు దులిపినప్పుడో, అటక మీది బొంతలు దించినప్పుడో ఎక్కువైతే ఇంకా గట్టిగా అనుమానించాలి. అదే బండి మీద తిరిగొస్తే ఎక్కువై, ఇంటికొచ్చి కిటికీలు మూసుకుంటే తగ్గుతుంటే అది బయటి సరుకు. అలర్జీలో జ్వరం ఉండదు, ముక్కు నీళ్లలా కారుతుంది, ముక్కూ కళ్లూ అంగిలీ దురదపెడతాయి, వారం పది రోజులైనా వదలదు. పిల్లలైతే అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి తోస్తుంటారు, ఆ అలవాటు ముదిరితే ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. మా పాపకి ఆ గీత ఉంది. మా అత్తగారు దాన్ని పుట్టుకతో వచ్చిందనే అనుకున్నారు, డాక్టరు మాత్రం గదిలోకి అడుగుపెట్టగానే చూసి పట్టేశారు.

ఇక్కడ ఓ మాట. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు "ఊళ్లో ఉన్నన్నాళ్లు ఏమీ లేదు, బెంగళూరు నీళ్లు పడలేదు" అంటుంటారు. చాలామంది విషయంలో తప్పు నీళ్లది కాదు, తేమది. ఈ పురుగు నీళ్లు తాగదు, గాలిలోని తేమను ఒంటితోనే పీల్చుకుంటుంది. గాలిలో తేమ 50 శాతానికి తక్కువగా చాలా రోజులు ఉంటే ఎండిపోయి చస్తుంది, 70, 80 శాతం ఉంటే దానికి పండగే. ఇంటి దుమ్ము అలర్జీకి అసలు మూలం ఈ పురుగేనని 1964లో బయటపెట్టింది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పనిచేసినవాళ్లు, చెమ్మగిల్లిన ఇళ్లకు పెట్టింది పేరైన దేశం అది. సీమ ఎండలకి అల్లాడే పురుగు ఇక్కడి వానాకాలంలో మూసిన గదిలో, రోజూ చెమట ఇంకే పరుపులో హాయిగా పెరుగుతుంది. చెన్నైలో ఉన్నవాళ్లకైతే సముద్రపు గాలి పుణ్యమా అని ఏడాది పొడుగునా ఇదే వరస.

అనుమానం గట్టిగా ఉంటే పరీక్ష చేయించుకోవడం మంచిది. చేతి మీద చుక్కలు వేసి గుచ్చి, పదిహేను ఇరవై నిమిషాల్లో దద్దు లేస్తుందా అని చూసేది ఒకటి, రక్తం తీసి ఐజీఈ (అలర్జీ ఉంటే రక్తంలో పెరిగే యాంటీబాడీ) చూసేది ఇంకొకటి. మొదటిదానికి వెళ్లే ముందు సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు దాదాపు వారం ఆపాలి, లేకపోతే దద్దు లేవదు. రక్తపరీక్షకి ఆ బాధ లేదు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, లక్షణాలు కూడా కలవాలి. ఇక్కడ తేలకుండా వేలు ఖర్చు పెట్టొద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్యూరిఫయరా, కవరా?

నా దృష్టిలో దీన్ని తేల్చేది ధర కాదు, బ్రాండు కాదు, మనకి పడని రేణువు బరువు. పిల్లి నుంచి వచ్చే అలర్జీ సరుకు చాలా సన్నటిది, గంటల తరబడి గాలిలో తేలుతుంది. సిగరెట్ పొగా అంతే. మైట్ రెట్టలు అలా కాదు, 10 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గుళికలు, అంటే గాలిలో తేలేవాటిలో లావుపాటివే. పక్క దులిపితే లేస్తాయి, ఇరవై ముప్పై నిమిషాల్లో మళ్లీ కిందికి దిగిపోతాయి. ప్యూరిఫయర్ గాలిలో ఉన్నదాన్ని లాగుతుంది, పరుపులోదాన్ని, దిండులోదాన్ని కాదు. మనమేమో రాత్రంతా ఆ దిండులోనే ముఖం పెట్టి పడుకుంటాం, పక్కకి తిరిగిన ప్రతిసారీ ముక్కు కిందే కాస్త లేస్తుంది, అది గది మూలనున్న మెషిన్ దాకా పోయే లోపే మనం పీల్చేస్తాం. ఎంత గొప్ప హెపా ఫిల్టరైనా (బాగా సన్నటి దుమ్మునీ పట్టే రకం) ఇందులో చెయ్యగలిగింది తక్కువ. దాని మీద వెలిగే ఆకుపచ్చ లైటు చూసి మురిసిపోవద్దు, అది చూపించేది గాలి సంగతి.

కవర్ పని తిన్నగా మూలానికే పోతుంది. పరుపుని, దిండుని ఆరువైపులా మూసేస్తే లోపలి పురుగులకి మన పొట్టు అందదు, లోపలున్న రెట్టలు బయటికి రావు. ఐతే షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ "మ్యాట్రెస్ ప్రొటెక్టర్" పేరుతో అమ్మేవాటిలో చాలావరకు వాటర్‌ప్రూఫ్ దుప్పట్లే. పైనుంచి వేసి నాలుగు మూలలా ఎలాస్టిక్ తగిలిస్తారు, అడుగున పరుపు బోసిగానే ఉంటుంది. పిల్లలు పక్క తడిపితే పనికొస్తుంది గానీ అలర్జీకి కాదు. మనకి కావలసింది చుట్టూ జిప్ ఉండి పరుపు మొత్తాన్ని సంచిలా మింగేది. నేత రంధ్రాలు 10 మైక్రాన్ల కంటే తక్కువని రాసి ఉండాలి, 6 అయితే ఇంకా మంచిది. గుడ్డని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే సూదిబెజ్జాలు కనబడ్డాయనుకోండి, అక్కడే తిరిగిచ్చేయండి. కనబడకపోతే మంచిదని గ్యారంటీ లేదు, కనబడితే మాత్రం కచ్చితంగా పనికిరాదు. జిప్ చివర, రన్నర్ ఆగే చోట కాస్త సందు మిగులుతుంది, దాని మీద గుడ్డ టేపు అతికించాలి. ప్లాస్టిక్ పూత ఉన్నవి చెమట పట్టిస్తాయి, కదిలితే కరకరమంటాయి, ఏసీ లేని ఇంట్లో దగ్గరగా నేసిన మైక్రోఫైబర్ నయం. ముందు దిండ్లకి వెయ్యండి, ముక్కుకి దగ్గరది అదే. గదిలో ఇంకో మంచం ఉంటే దాని పరుపుకీ వెయ్యాలి. దిండు మీద "హైపోఅలర్జెనిక్" (అలర్జీ తక్కువ) అని రాసి ఉన్నా దానికీ వెయ్యాలి, మైట్లు ఆ లేబుల్ చదువుకోవు.

అలాగని ప్యూరిఫయర్ దండగ అనను. పుప్పొడి అలర్జీ కూడా ఉంటే, ఇల్లు మెయిన్ రోడ్డు మీద ఉంటే, పిల్లిని పెంచుతుంటే దాని లాభం దానికుంది. కానీ అది రెండో కొనుగోలు, మొదటిది కాదు. మాట వరసకి ప్యూరిఫయర్‌కి పది వేలనుకున్నా, తర్వాత ఫిల్టర్ల ఖర్చు తగులుతూనే ఉంటుంది. కవర్లకి ఆ వరస ఖర్చు ఉండదు.

కవర్ వేసి ఊరుకుంటే సరిపోదు, దాని మీద వేసే దుప్పటీ గలీబులూ వారం వారం ఉతకాలి. 60 డిగ్రీల వేడిలో ఉతికితే పురుగులు చస్తాయి. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో హీటర్ ఉంటుంది కాబట్టి ఆ నంబరు పెడితే చాలు. టాప్ లోడ్ వాటిలో చాలావాటికి హీటర్ ఉండదు, చన్నీళ్లలో ఉతికితే రెట్టలు చాలావరకు కొట్టుకుపోతాయి గానీ పురుగులు చాలావరకు బతికే ఉంటాయి. మా ఇంట్లో ఉన్నది టాప్ లోడే. గీజర్ పూర్తిగా కాగాక బకెట్‌లోకి చన్నీళ్లు కలపకుండా పట్టి, దుప్పట్లు పావుగంట ముంచి, ఆ తర్వాతే మెషీన్‌లో వేస్తాం. పిల్లల్ని ఆ బకెట్ దరిదాపుల్లోకి రానివ్వకండి. ఎండ కూడా మంచిదే, మార్చి, ఏప్రిల్‌లో మిద్దె మీద పరుపు ఆరేస్తే చాలా పురుగులు ఎండి చస్తాయి, కానీ రెట్టలు పోవు, వానాకాలంలో అసలు ఎండే ఉండదు. ఆరేశాక కర్రతో బాదే పని అలర్జీ లేనివాళ్లకి అప్పజెప్పండి.

వాక్యూమ్ క్లీనర్ గురించి కూడా తరచూ అడుగుతారు. ఇంగ్లిష్‌లో దొరికే సలహాల్లో దానికి పెద్దపీట వేస్తారు, ఎందుకంటే వాళ్ల ఇళ్లలో గోడ నుంచి గోడ దాకా కార్పెట్లు. మనవి టైల్సు, గ్రానైటు. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది కాబట్టి తడిగుడ్డతో తుడిస్తే పనైపోతుంది. గుడ్డ సోఫా ఉన్నవాళ్లకి వాక్యూమ్ ఉపయోగమే, అదీ హెపా ఫిల్టర్ ఉన్నదైతేనే. మామూలుది ముందు నుంచి పీల్చి వెనక నుంచి ఊదుతుంది. అలర్జీ ఉన్న మనిషి ఆ అరగంట గదిలో ఉండకూడదు.

డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమను లాగే మెషిన్) సూత్రం సరైనదే, కానీ కిటికీలు తీసి పెట్టుకునే మన ఇళ్లలో బెంగళూరు గాలినంతా ఎండబెట్టాలని చూడటమే అవుతుంది. చెన్నైవాళ్లు పడగ్గదిలో ఏసీ ఎలాగూ వేస్తారు, అది తేమను కూడా లాగుతుంది, తలుపులు మూసి ఉంచితే చాలు. తేమ చూపించే చిన్న మీటర్ కొన్ని వందలకే వస్తుంది, ముందు అది కొని చూసుకోండి. యూవీ లైటున్న చేతి వాక్యూములు, పరుపు మీద కొట్టే స్ప్రేలు, వేపాకు పొగ, సాంబ్రాణి: మొదటి రెండింటికీ డబ్బు పెట్టకండి, పొగ ముక్కుని ఇంకా రేపుతుంది.

నాకు కవర్ అంటే మొగ్గు ఉంది నిజమే, కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ఉబ్బసం ఉన్నవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2008 నాటి కాక్రన్ (వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, ఈ ఇంటి జాగ్రత్తలతో చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. 2017లో వచ్చిన ఇంగ్లండ్ పరీక్షలో మాత్రం, మైట్ అలర్జీతో పాటు ఉబ్బసం ఉండి ఒకసారి ఆస్పత్రిపాలైన పిల్లలకి ఇలాంటి కవర్లు వేస్తే, ఏడాదిలో మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తాల్సి వచ్చినవాళ్లు దాదాపు 29 శాతం, మామూలు కవర్లు వేసినవాళ్లలో దాదాపు 42 శాతం. అంటే పిల్లల విషయంలో నాకు ఆశ ఎక్కువ, పెద్దవాళ్ల విషయంలో తక్కువ. వేసిన మర్నాడే తుమ్ములు ఆగిపోతాయనుకోకండి, వారాలూ నెలలూ పడుతుంది.

అందుకే మందుని పక్కన పెట్టొద్దు. డాక్టరు రాసే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే రోజూ వాడితేనే పనిచేస్తుంది, పూర్తి గుణం తెలియడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు, బాగోలేనప్పుడు మాత్రమే కొట్టుకుంటే ఉపయోగం అంతంతమాత్రం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ ముక్కు చుక్కలు మాత్రం ఐదు రోజులు మించొద్దు, మించితే దిబ్బడ మందు వల్లే మొదలవుతుంది. వీటితో లొంగకపోతే నాలుక కింద చుక్కలు లేదా ఇంజెక్షన్ల ఇమ్యునోథెరపీ (పడని సరుకునే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం) ఉంది, అది మూడేళ్లకి తక్కువ కాని వ్యవహారం, స్పెషలిస్టుతో మాట్లాడుకోవాలి. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినబడినా, రాత్రి దగ్గుతో నిద్ర లేచినా, ఆయాసం వచ్చినా కవర్ల ఆలోచన తర్వాత, ముందు డాక్టరు.

ఫర్నిష్డ్ ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్లు అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది, పాత పరుపు మార్చమని ఓనర్‌ని అడగాలా అని. పరుపు చిరిగిపోయి ఉంటే తప్ప అంత పేచీ అక్కర్లేదు. కొత్త పరుపులోనూ కొన్ని నెలల్లోనే మైట్లు చేరతాయి, కొబ్బరి పీచైనా ఫోమ్ అయినా అంతే. కొలత టేపుతో పరుపు పొడవు, వెడల్పుతో పాటు మందం కూడా కొలుచుకుని, దానికి సరిపోయే జిప్ కవర్ తెప్పించుకోండి. మీరు కొన్నదే కాబట్టి ఇల్లు మారేటప్పుడు విప్పి ఉతికి పట్టుకుపోవచ్చు.