క్లోజపిన్: ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు వాడే మాత్ర ఎలా ఉంది?

రెండు మందులు మార్చి చూశారు. ఒక్కొక్కటీ సరైన డోసులో కనీసం ఆరేసి వారాలు వాడారు, మాత్రలు నిజంగానే మింగుతున్నారని ఇంట్లో వాళ్లూ చూసుకున్నారు. అయినా చెవిలో మాటలు ఆగలేదు, అనుమానాలు తగ్గలేదు. ఇక మూడోది, నాలుగోది అంటూ మారుస్తూ పోవడం దండగ. అడగాల్సింది క్లోజపిన్ గురించే. ఈ దశలో దానికి సాటివచ్చే మందు లేదన్నది మా అభిప్రాయం. చాలామందికి ఇది ఏళ్లు ఆలస్యంగా అందుతోందంటే, ప్రధానంగా రక్తపరీక్షల భయం వల్లే.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడుతున్నవారిలో తెల్ల రక్తకణాలు పడిపోయి 8 మంది చనిపోయారు. దాంతో చాలా దేశాల్లో మందు మూలపడింది. 1988లో అమెరికాలో మొండి జబ్బు ఉన్నవారికి ఆరు వారాలు ఇచ్చి చూస్తే, పాత మందు క్లోర్‌ప్రోమజీన్‌తో 4 శాతం మంది, దీంతో 30 శాతం మంది మెరుగయ్యారు. ఆ తర్వాతే రక్తపరీక్షల షరతుతో తిరిగి వాడుకలోకి వచ్చింది. ఆత్మహత్యా ప్రయత్నాలను తగ్గించడంలోనూ దీనికి మంచి పేరుంది.

మొదటిరోజు 12.5 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఒంటికి పడుతోందో లేదో చూస్తూ 25 నుంచి 50 మి.గ్రా. చొప్పున పెంచుతారు. రెండు వారాలకు రోజుకు 300–450 మి.గ్రా. దాకా చేరొచ్చు. తొందరపడితే లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది, డోసు ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. గుణం కనిపించకపోతే, చివరి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి మందు స్థాయి చూడాలి. అది మిల్లీలీటరుకు 350 నానోగ్రాముల లోపే ఉంటే మందు పని చేయలేదని తేల్చేయకూడదు. పూర్తి ఫలితానికి కొందరికి ఆరు నెలలు పడుతుంది.

తెల్ల రక్తకణాలు పడిపోయే ముప్పు మొదటి 18 వారాల్లోనే ఎక్కువ. అందుకే మొదట వారం వారం, తర్వాత రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) సంఖ్య చూస్తారు. గడువులు దేశాన్ని బట్టి కొంచెం మారుతాయి. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్రం తర్వాతి పరీక్ష దాకా ఆగకుండా అదేరోజు చేయించాలి. మొదటి నాలుగు వారాల్లో ఛాతీనొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే గుండె కండరం వాచిందేమో చూడాలి.

ఇంత జాగ్రత్తపడే కుటుంబాలు కూడా పట్టించుకోనిది మలబద్ధకం. ఈ మందు పేగుల కదలికను మందగింపజేస్తుంది. పేగు స్తంభించి ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. రోగి తనంతట తాను చెప్పకపోవచ్చు, కాబట్టి విరేచనం అయిందా అని రోజూ అడగాల్సిందే. విరేచనకారి మాత్రను మొదటి నుంచే రాయమని డాక్టర్‌ను అడగండి. పేగే కదలనప్పుడు పీచుపొడి ఒక్కటే సరిపోదు, అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. పొట్ట ఉబ్బి, వాంతులవుతుంటే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

సిగరెట్ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పి తీరాలి. పొగలోని పదార్థాలు లివర్‌లో క్లోజపిన్‌ను వేగంగా కరిగిస్తాయి. సిగరెట్ హఠాత్తుగా మానేస్తే వారంలోపే మందు స్థాయి బాగా పెరిగి మత్తు, ఫిట్స్ రావచ్చు. డోసు తగ్గించాల్సి ఉంటుంది. ఈ పని చేసేది పొగే, నికోటిన్ కాదు. కాబట్టి సిగరెట్ మానేసి బదులుగా నికోటిన్ ప్యాచ్ వేసుకుంటున్నా డోసు సరిచూడాల్సిందే.

నిద్రలో చొంగ కారడం, పగటి మత్తు, బరువు పెరగడం మామూలే. ఎక్కువ భాగం మందు రాత్రికి మారిస్తే మత్తు కొంత నయం. బరువు, షుగర్ మొదటి నెల నుంచే రాసి పెట్టుకోవాలి.

48 గంటలకు మించి మాత్రలు తప్పితే పాత డోసు ఒక్కసారిగా వేయకూడదు. డాక్టర్‌కు చెప్పి మళ్లీ 12.5 మి.గ్రా. నుంచే ఎక్కాలి. మానేయాల్సి వచ్చినా, రక్తకణాలు పడిపోవడం లాంటి అత్యవసరం లేకుంటే నెమ్మదిగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే జబ్బు మునుపటికన్నా ఉధృతంగా తిరగబెట్టొచ్చు.