ఆండ్రాయిడ్ ఫొటో పికర్: ఒక్క ఫొటో అడిగితే ఒక్కటే ఇవ్వొచ్చు

ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్, ఛార్జింగ్ ఎన్ని వాట్లు అని అందరూ అడుగుతారు గానీ, అందులో వేసుకునే యాప్ మన ఫొటోల్లో ఎన్నింటిని చూడగలదో ఎవరూ అడగరు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే. అందుకే 2022లో ఆండ్రాయిడ్ 13తో వచ్చిన ఫొటో పికర్ (యాప్‌కి ఏ ఫొటో ఇవ్వాలో మనమే ఎంచుకునే తెర) నాకు అంత నచ్చింది.

మొన్న తిరుపతిలో అమ్మకి పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తీయించాలని ఒక ప్రింటింగ్ యాప్ వేశాం. తెరిచీ తెరవగానే ఫొటోలు, వీడియోలు మొత్తానికి పర్మిషన్ ఇమ్మంది. "ఒక్క ఫొటోకి అన్నీ ఎందుకురా వాళ్లకి?" అంది అమ్మ. ఆ ఫోన్లో ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, మనవళ్ల స్నానాల ఫొటోలు కూడా ఉన్నాయి మరి. అది తీసేసి, ఫొటో పికర్ వాడే ఇంకో యాప్ వేశాం. ఇందులో పర్మిషన్ అడగనే అడగదు. కింద నుంచి ఫొటోల తెర ఒకటి పైకొస్తుంది, అది యాప్‌ది కాదు, ఆండ్రాయిడ్‌ది. అమ్మ ఏ ఫొటో మీద వేలు పెట్టిందో ఆ ఒక్కదాన్ని చదివే హక్కే యాప్‌కి వెళ్లింది, మిగతావి దాని కంట పడనే లేదు.

దీని వెనకున్న ఆలోచన పాతదే. కంప్యూటర్లలో దాన్ని కేపబిలిటీ అంటారు, 1966లో జాక్ డెన్నిస్, ఎర్ల్ వాన్ హోర్న్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు దాని గురించి రాశారు. ప్రోగ్రామ్‌కి ఏ వస్తువు (ఫైలు లాంటిది) కావాలో దాని గుర్తు, దాంతో ఏం చేయొచ్చన్న హక్కు రెండూ కలిపి చేతికివ్వాలి, ఆ గుర్తును అది సొంతంగా పుట్టించుకోగలగకూడదు. పికర్ అచ్చంగా అదే కాదు గానీ ఆ దారిలోదే. ఫోన్లలో మాత్రం, 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా యాప్ వేసుకునేటప్పుడే అడిగిన పర్మిషన్లన్నీ ఒప్పుకోవాల్సి వచ్చేది, లేదంటే యాప్ లేదు.

ఆండ్రాయిడ్‌లో ఇంకా లోటు లేదా అంటే ఉంది. కాంటాక్ట్స్ పర్మిషన్ ఒకసారి ఇచ్చామంటే మొత్తం లిస్టు ఇచ్చినట్టే, ఇది నాకు అస్సలు నచ్చదు. కెమెరా, మైకు, లొకేషన్లకి మాత్రం ఆండ్రాయిడ్ 11 నుంచి "ఈసారి మాత్రమే" అని ఇవ్వొచ్చు, అది వాడండి.

పికర్ కోసం కొత్త ఫోన్ కొనక్కర్లేదు, గూగుల్ అప్‌డేట్లతో ఆండ్రాయిడ్ 11, 12 ఫోన్లకీ వచ్చింది. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి, ఫొటోలన్నీ ఏయే యాప్‌ల చేతిలో ఉన్నాయో ఈరోజే ఒకసారి చూసుకోండి.