మెట్ల మీది అడుగుల చప్పుడు: రెసిడెంట్ ఈవిల్ 2తో కొన్నేళ్లు

1998 నాటి భయానక వీడియో గేమ్ రెసిడెంట్ ఈవిల్ 2ను క్యాప్‌కామ్ సంస్థ 2019లో కొత్తగా నిర్మించి విడుదల చేసింది. అప్పటి నుంచి అందులోని ఇద్దరు ప్రధాన పాత్రలైన లియాన్‌గానూ, క్లెయిర్‌గానూ ఆ ఆటను నేను ఎన్నోసార్లు పూర్తి చేశాను. ఏ గదిలో ఏ శవం లేస్తుందో కంఠతా వచ్చేసినా, రకూన్ సిటీ పోలీస్ స్టేషన్‌లోకి అడుగుపెట్టగానే ఇప్పటికీ భుజాలు బిగుసుకుంటాయి. ఈ భయం రాక్షసుల రూపాల్లో కన్నా మన దగ్గర ఏమి మిగిలిందన్న లెక్కలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

మొదట్లో సంచిలో ఎనిమిది గళ్లే ఉంటాయి. తుపాకీ, తూటాలు, గాయాలు మాన్పే మూలికలు, తాళంచెవులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. తలకు నాలుగైదు తూటాలు తగిలినా జాంబీ మళ్లీ లేవవచ్చు కాబట్టి, కాలికి కొట్టి పక్కనుంచి దాటిపోవడం నేను త్వరగానే నేర్చుకున్నాను. కిటికీలకు బిగించే చెక్కలు కూడా కొన్నే దొరుకుతాయి. నేను ప్రతిసారీ వాటిని పడమటి వైపు కింది వరండాకే వాడతాను, ఎందుకంటే ఆ దారిన తిరగకుండా ఆట సాగదు.

ఇక శబ్దం సంగతి. పైకప్పు మీద పాకే లిక్కర్లు అనే రాక్షసులకు చూపు లేదు, వినికిడి మాత్రమే ఉంది. అందుకే అనలాగ్ స్టిక్‌ను బొటనవేలితో సగమే నెట్టి వాటి కింద నుంచి నడిచేటప్పుడు నేను కూడా ఊపిరి బిగబడతాను. గ్రంథాలయంలో పుస్తకాల అరలు జరుపుతుండగా గోడ అవతల, మనల్ని వెంటాడే భారీకాయుడు మిస్టర్ ఎక్స్ బూట్ల చప్పుడు మొదలవుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అది దగ్గరవుతున్నదని తెలుస్తుంది గాని, ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియదు. 1999లో వచ్చిన మరో భయానక గేమ్ సైలెంట్ హిల్‌లో రేడియో గరగర చేసిన పని కూడా ఇదే: ప్రమాదం ఉందని చెబుతుంది, ఎక్కడ ఉందో చెప్పదు. ఆ ఆటలో దూరాన్ని గీయలేని కన్సోల్ పరిమితిని పొగమంచు కప్పిపుచ్చింది. ఇక్కడ అదే పనిని కావాలనే చీకటికి అప్పగించి, మన చేతికి ఒక టార్చిలైటు ఇచ్చారు. ఈ ఎంపిక నాకు ఎంతగానో నచ్చింది.

ఇంత బిగింపు తరువాత స్టేషన్‌లోని డార్క్‌రూమ్ (ఫొటోలు కడిగే గది) తలుపు మూసుకుంటే కలిగే ఊరట మాటల్లో పెట్టలేనిది. ఆటను సేవ్ చేసుకునే టైప్‌రైటర్, సామాను పెట్టె, మెల్లని సంగీతం అక్కడ ఉంటాయి. మిస్టర్ ఎక్స్ అందులోకి రాడు. మురుగు కాలువల భాగంలో ఈ పట్టు కొంత సడలుతుంది, ఎందుకంటే స్టేషన్‌లా ఆ చోటు మనకు సొంత ఇల్లులా మారదు.

మ్యాప్‌లో ఇంకా వస్తువులున్న గదులు ఎర్రగా, ఖాళీ అయినవి నీలంగా కనిపిస్తాయి. కిందటిసారి ఆడినప్పుడు తూర్పు వైపు ఒక గదిని ఎర్రగానే వదిలేశాను. అందులో మూలిక ఉందని తెలుసు, నా ఆరోగ్యమూ అంతంతమాత్రమే. కానీ పైఅంతస్తులో బూట్లు ఆగిపోయాయి, ఎక్కడ ఆగాయో తెలియలేదు.