నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: ఆరు ఛానెళ్ల రేడియో, ఫోమ్ ట్రైనర్ విమానం

ఈ సెట్టు కొని నాలుగేళ్లు దాటింది. 2.4 గిగాహెర్ట్జ్ ఆరు ఛానెళ్ల రేడియో (కింద నిలబడి విమానాన్ని నడిపే రిమోటు), 1400 మిల్లీమీటర్ల రెక్కలున్న ఫోమ్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల బొమ్మ విమానం), మూడు సెల్స్ 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. మాది పర్లాకిమిడి. వరికోతలయ్యాక సంక్రాంతి నుంచి ఉగాది దాకా మహేంద్రతనయ వైపు పొలాలు ఖాళీగా ఉంటాయి, పొద్దున్నే వెళ్తే గాలి కూడా పెద్దగా ఉండదు, అక్కడే ఎగరేస్తాను. ఎగరడంలో వంక పెట్టేదేమీ లేదు, నేర్చుకునేవాళ్ల చేతిలో కూడా మొండికేయదు. నేను రాయాలనుకున్నది వేరే. సిగ్నల్ పోయినప్పుడు ఇది ఏం చేస్తుంది?

రెండో ఏడాది మాఘంలో ఒకరోజు విమానం సుమారు రెండు వందల మీటర్ల దూరంలో సగం థ్రాటిల్ మీద, అంటే మోటారు సగం జోరులో, పోతోంది. స్టిక్ తిప్పాను, అది తిరగలేదు. పడిపోనూ లేదు. అదే వేగంతో, కొంచెం కుడివైపు వాలి, పాతపట్నం వెళ్లే రోడ్డు వైపు పోతూనే ఉంది. రోడ్డు మీద బడిపిల్లలు సైకిళ్ల మీద వెళ్తున్నారు. గొంతు చించుకుని అరిచాను కానీ అంత దూరం ఎవరికి వినిపిస్తుంది? రోడ్డుకి ఇవతల ఓ గడ్డివాములో ముక్కు దూర్చి ఆగింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి ఫ్యాన్‌కి గడ్డి చుట్టుకుపోయి మోటారు ఇంకా తిరగాలని గింజుకుంటోంది, వైరు కాలుతున్న వాసన. బ్యాటరీ పీకేశాక చూస్తే నా చేతులు వణుకుతున్నాయి. పిల్లలకి తగలలేదు, ఎవరిదో ఏడాది పశుగ్రాసం అంటుకోలేదు, అంతే.

తప్పు నాదే. బ్యాటరీ సర్దే తొందరలో విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్ యాంటెన్నాలు రెండూ దాని కిందకి మడతపడిపోయాయి. అంతకంటే పెద్ద తప్పు, ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే విమానం ఏం చేయాలో ముందే చెప్పిపెట్టే సెట్టింగు, పెట్టుకోలేదు. పెట్టెలోంచి తీసినప్పుడు ఈ సెట్టు సిగ్నల్ పోతే చివరి ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటుంది, అంటే సగం థ్రాటిల్ ఉంటే సగం థ్రాటిలే. ఫోమే కదా, ఏమవుతుంది అంటారు చాలామంది. కిలో పైచిలుకు బరువు, గంటకి 50 కిలోమీటర్ల పైన వేగం. ఆ దెబ్బ దాదాపు మూడంతస్తుల మేడ మీంచి కిలో రాయి పడ్డట్టే, పైగా ముందు పది అంగుళాల ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు సిగ్నల్ పోతే థ్రాటిల్ సున్నా, రడ్డర్ (తోక మీద విమానాన్ని పక్కకి తిప్పే రేకు) కాస్త ఎడమకి అని పెట్టాను. మోటారు ఆగి, దూరం పోకుండా చుట్లు తిరుగుతూ దిగుతుంది. ఇంట్లోనే విమానం ఫ్యాన్ ఊడదీసి, మోటారు మెల్లగా తిప్పి, రేడియో ఆపి చూడండి. మోటారు ఆగకపోతే ఆ రోజు పొలానికి వెళ్లొద్దు. రిసీవర్ మార్చినా, మళ్లీ బైండ్ చేసినా (రేడియోని, రిసీవర్‌ని జత కలిపినా) ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే. యాంటెన్నాలు ఒకదానికొకటి ఎల్ ఆకారంలో ఉండేలా టేపు వేశాను, రెండేళ్లుగా సిగ్నల్ పోలేదు.

ఇంకోటి, దీని థ్రాటిల్ స్టిక్ బాగా తేలిక. ఓసారి మెడలో వేసుకున్న రేడియో తాడు దానికి తగులుకుని మోటారు గిర్రున తిరిగింది. అప్పుడు విమానం పట్టుకుని నిలబడింది మా మేనల్లుడు, పదేళ్ల గుంటడు. వాడి బొటనవేలు ఫ్యాన్‌కి బెత్తెడు దూరంలో ఉంది. ఆ సాయంత్రమే ఓ స్విచ్‌ని థ్రాటిల్ కట్‌గా పెట్టాను, అది వేసి ఉంటే స్టిక్ ఎంత తోసినా మోటారు కదలదు. ఇప్పుడు 'కట్ వేశావా మావయ్యా' అని వాడే అడుగుతాడు, నేను వేశానని చెప్పాకే బ్యాటరీ పెడతాడు.

జనం సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ విమానం లేచిందంటే ఐదు నిమిషాల్లో ఊరు ఊరంతా వచ్చేస్తుంది, వద్దంటే ఎవరూ వినరు. అందుకని ముందే గట్టు చూపించి అందరినీ నా వెనకాల కూర్చోబెడతాను, వాళ్ల మీదుగా ఎప్పుడూ ఎగరేయను. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందు అనుమతి అడగక్కర్లేని చోట) కూడా 400 అడుగుల ఎత్తు దాటకూడదు. ఈ జోన్ల మ్యాపు ఆన్‌లైన్‌లో ఉంది, ఎగరేసే రోజు చూసుకుని వెళ్లండి. నేను 150 అడుగులు దాటను, అంతకన్నా పైకి పోతే అది ఎటు తిరిగి ఉందో నా కంటికి సరిగా ఆనదు.

బ్యాటరీలు ఇప్పటికి మూడు మార్చాను. ఒకటి స్కూటర్ డిక్కీలో ఎండకి ఉబ్బిపోయింది. చార్జింగ్ ఇంట్లో పెట్టను, అరుగు మీద మట్టిమూకుడులో పెట్టి పక్కనే ఇసుక బకెట్ ఉంచుకుని, అయ్యేదాకా కూర్చుంటాను. సెల్ 3.5 వోల్టులకి వచ్చేసరికి దించేస్తాను, చిన్న బజర్ ఒకటి తగిలిస్తే అదే అరుస్తుంది.

రేడియో ఇంకా గట్టిగానే ఉంది, ఎడమ స్టిక్ స్ప్రింగు మాత్రం వదులైంది. మళ్లీ కొనాల్సివస్తే ఇదే కొంటాను. సెట్టుతో వచ్చిన చార్జర్ మాత్రం వాడొద్దు, సెల్స్‌ని విడివిడిగా బ్యాలెన్స్ చేసేది (అన్నిటినీ ఒకే వోల్టేజికి తెచ్చేది) వేరే కొనుక్కోండి.